హాస్య క్లిప్పులతో ఇంగ్లీషు: చూస్తున్నా మాట ఎందుకు రావడం లేదు?

టీవీ హాస్య ధారావాహికల క్లిప్పులతో రోజువారీ ఇంగ్లీషు నేర్చుకుందామని మొదలుపెట్టినవారు తరచుగా నాలుగు చోట్ల ఆగిపోతుంటారు. ఆ నాలుగింటికీ కారణాలు వేరు కనుక, ఇంకా ఎక్కువ క్లిప్పులు చూడడం ఒక్కటే అన్నింటికీ మందు కాదు.

సమస్య: సబ్‌టైటిళ్లు ఉంటే అంతా తెలుస్తుంది, తీసేస్తే ఏమీ అందదు

కారణం: పని చేస్తున్నది కన్ను, చెవికి ఇంకా పని పడలేదు. తెలుగులో రాసినది రాసినట్టే పలకడం మనకు అలవాటు. ఇంగ్లీషులో ముఖ్యమైన మాటలే ఒత్తుగా వినిపిస్తాయి, మిగిలినవి నలిగి పక్కమాటలో కలిసిపోతాయి. ‘గోయింగ్ టు’ ‘గొనా’ అవుతుంది, ‘డిడ్ యు’ ‘డిజు’ అవుతుంది, అమెరికన్ల నోట ‘వాటర్’లోని టకారం డకారానికి దగ్గరగా వస్తుంది. మీకు తెలిసిన మాటే మారువేషంలో వచ్చింది కనుక మీరు పోల్చుకోలేదు.

పరిష్కారం: అర నిమిషానికి మించని ముక్కను ఎంచుకొని, సబ్‌టైటిళ్లు లేకుండా రెండుమూడుసార్లు విని, వినిపించినది వినిపించినట్టు రాయండి. తరువాత ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో సరిచూసుకుంటే ఏ మాట ఏ రూపంలో జారిపోయిందో తెలుస్తుంది. తెలుగు సబ్‌టైటిళ్లు కథను అందిస్తాయే తప్ప ఈ పనికి రావు. అవసరమైతే వేగాన్ని 0.75కు తగ్గించవచ్చు గాని, చివరిసారి అసలు వేగంలోనే విని, నటుడితో పాటు గొంతు కలపాలి. చదవడానికి వీలుగా సబ్‌టైటిళ్లను కొన్నిసార్లు కుదించి రాస్తారు కాబట్టి, తేడా కనిపించిన ప్రతిసారీ తప్పు మీ చెవిదే అనుకోనక్కరలేదు.

సమస్య: ప్రతి మాటకూ అర్థం తెలుసు, జోకు మాత్రం అర్థం కాలేదు

ఇది మొదటిదానికంటే మోసకరమైనది, ఎందుకంటే తెరమీది నవ్వులతో పాటు మనమూ నవ్వేసి అర్థమైందనుకుంటాం. ఆ నవ్వులు అన్నిసార్లూ ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులవి కావు. 1950లలోనే చార్లీ డగ్లస్ అనే అమెరికన్ సౌండ్ ఇంజనీరు రికార్డు చేసిన నవ్వులను కావలసిన చోట వినిపించే యంత్రాన్ని తయారుచేశాడు.

కారణం: మాటలు విడివిడిగా తెలిసినా, కలిసినప్పుడు వచ్చే అర్థం వేరు. ‘పుట్’, ‘అప్’, ‘విత్’ మూడూ తెలిసినవారికి కూడా ‘పుట్ అప్ విత్’ అంటే భరించడమని ఊహకు అందదు. దీనికి వెటకారం తోడవుతుంది. ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అన్న పాత్ర ఏదో చెప్పమని అడగడం లేదు. ‘ఆ బాధ నాకు తెలియనిదా!’ అంటోంది.

పరిష్కారం: నవ్వు వినిపించగానే ఆపి, దానికి ముందున్న వాక్యానికి వెనక్కు వెళ్లండి, హాస్యపు కీలు సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ పదబంధాన్ని విడగొట్టకుండా మొత్తంగా రాసుకొని, పక్కన నిఘంటువు అర్థానికి బదులు, అదే సందర్భంలో మనమైతే ఏమంటామో ఆ తెలుగు మాటను రాయండి. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ‘ఏమిటీ, ఇంత తొందరగా వచ్చారు?’ అని పలకరించే మనకు వెటకారం కొత్త కాదు. వారి స్వరంలో అది ఎక్కడ వంగుతుందో పట్టుకోవడమే కొత్త.

సమస్య: నోటుబుక్కు నిండింది, మాట్లాడబోతే ఒక్కటీ గుర్తురాదు

కారణం: చూసి గుర్తుపట్టడం వేరు, అవసరానికి వెదికి తీయడం వేరు. నేర్చినదానిలో పెద్ద భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే చేసుకున్న ప్రయోగాల ఆధారంగా 1885లో ప్రచురించాడు.

పరిష్కారం: క్లిప్పుకు మూడు పదబంధాలు చాలు. మరునాడు, మూడు రోజుల తరువాత, వారం తరువాత అదే క్లిప్పును ధ్వని లేకుండా నడిపి, ఆ సంభాషణను మీరే పలకండి. తడబడిన చోట మాత్రమే ధ్వని పెట్టి వినండి.

సమస్య: నేర్చిన మాటే వాడినా ఎదుటివారు నొచ్చుకున్నారు

కారణం: హాస్య పాత్రలు ఎక్కువగా చనువున్నవారు, పైగా మర్యాద తప్పడమే వారి హాస్యం. స్నేహితుల మధ్య ‘షట్ అప్’ ‘నిజమా!’ అన్నంత తేలికగా వినిపించవచ్చు; పై అధికారితో అంటే అవమానమే. దేశభేదమూ ఉంది: అమెరికాలో ‘ప్యాంట్స్’ అంటే మనం ప్యాంటు అనేదే, బ్రిటన్‌లో సాధారణంగా లోదుస్తులు.

పరిష్కారం: పదబంధం పక్కన ఎవరు, ఎవరితో, ఏ మనఃస్థితిలో అన్నారో, ధారావాహిక ఏ దేశానిదో ఒక్క పంక్తిలో రాసుకోండి. కోపంలోనో వెక్కిరింతగానో వచ్చిన మాట మరో రెండు క్లిప్పుల్లో మామూలుగా వినిపించేదాకా దానిని వినడానికే ఉంచుకొని, మీ నోట రానీయకండి.