బ్యాటరీ కొత్తదే, సెల్ఫ్ మాత్రం ‘టక్’మని ఆగిపోతోందా? ముందు ఎర్త్ చూడండి

కారు తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, హారన్ గట్టిగానే మోగుతుంది. ఇంజిన్ మాత్రం తిరగదు. ‘టక్’మని ఒక్క చప్పుడు వస్తుంది, లేదా మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఇది చూడగానే చాలామంది చేసే మొదటి పని బ్యాటరీ మార్చడం, రెండోది సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) విప్పించడం. బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే మందపాటి నల్ల వైరు, అంటే ఎర్త్ వైరు, వైపు ఎవరూ చూడరు. అది చూడటానికి అయ్యే ఖర్చు సున్నా, పట్టే సమయం పది నిమిషాలు.

ముందు చప్పుడు వినండి

టకటకటక అని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. ఒక్కటే ‘టక్’ అని ఆగితే, లేదా ఇంజిన్ బరువుగా తిరిగితే, ఈ వ్యాసం మీకోసమే. అసలు చప్పుడే లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఆగకుండా మిణుకుతుంటే అది ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే ఏర్పాటు) గొడవ, దానికీ ఎర్త్ వైరుకీ సంబంధం లేదు. ఇంజిన్ హుషారుగా తిరుగుతూ కూడా స్టార్ట్ కాకపోతే పెట్రోలో, స్పార్కో అందడం లేదు. బ్యాటరీ జోలికి పోకండి.

బ్యాటరీ, టెర్మినల్స్

కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటరుతో కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. 12 కంటే తక్కువైతే ముందు ఛార్జ్ చేసి ఆ తర్వాతే మిగతా పరీక్షలు పెట్టుకోండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించవచ్చు. పడిపోకుండా 11, 12 దగ్గరే నిలబడి ఉండి కూడా ఇంజిన్ తిరగడం లేదంటే, కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది. బ్యాటరీ నిర్దోషి.

టెర్మినల్ క్లాంపులను చేత్తో మెలితిప్పి చూడండి. వీసమెత్తు కదిలినా వదులే. పైకి శుభ్రంగా ఉంటే చాలదు, విప్పి లోపలి అంచు చూడాలి. అక్కడ నల్లటి పొర ఉంటే ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే ఒక కప్పు వేడినీళ్లలో చెంచాడు బేకింగ్ సోడా కలిపి బ్రష్‌తో కడగండి. ఆ నీళ్లు సెల్ మూతల్లోకి మాత్రం పోకూడదు.

అసలు దొంగ: ఇంజిన్ ఎర్త్

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, కాబట్టి బాడీతో దానికి నేరుగా లోహపు సంబంధం ఉండదు. సెల్ఫ్ మోటార్‌కు ఎర్త్ అందేది ఇంజిన్ ద్వారానే. అందుకే నెగెటివ్ నుంచి గేర్‌బాక్సుకో, ఇంజిన్ బ్లాకుకో ఒక మందపాటి వైరు, బాడీకి మరొకటి వెళ్తాయి. హెడ్‌లైట్లు, హారన్ బాడీ ఎర్త్ మీద నడుస్తాయి. ఇంజిన్ ఎర్త్ కుళ్లిపోయినా అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. “లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా, కనెక్షన్లు బాగున్నట్టే” అనే మాట ఇక్కడే బోల్తా కొడుతుంది.

రెండో మోసం మల్టీమీటరు దగ్గర. ఓం స్కేలులో పెట్టి వైరు రెండు చివర్లూ ముట్టిస్తే ‘బీప్’ వస్తుంది, వైరు బాగుందని తేల్చేస్తారు. వైరు లోపల ఒక్క రాగి పోగు మిగిలినా ఆ బీప్ వస్తుంది. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ కూడా 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.02 ఓం అడ్డం ఉంటే, 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మామూలు మల్టీమీటరు ఆ 0.02ని పట్టుకోలేదు, దాని వైర్లకే అంతకంటే ఎక్కువ రెసిస్టెన్స్ ఉంటుంది.

మూడోది అన్నిటికంటే గడుసుది. పక్క కారుతో జంప్ ఇస్తే, అంటే దాని బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు తీసుకుంటే, ఇంజిన్ ఠక్కున స్టార్ట్ అవుతుంది, తప్పు బ్యాటరీదేనని తీర్పు ఇచ్చేస్తారు. జంపర్ కేబుల్ నల్ల క్లిప్పును పద్ధతి ప్రకారం ఇంజిన్ మీది లోహానికే తగిలిస్తారు కదా! అంటే పాడైన ఎర్త్ వైరును పక్కన పెట్టి, కరెంటుకు మీరే కొత్త దారి వేశారు. కొత్త బ్యాటరీ కొంటారు, కొన్నాళ్లకు మళ్లీ అదే ‘టక్’.

పరీక్ష ఇలా చేయండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. మధ్యలో స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేయండి. మీటరును 20 వోల్టుల డీసీ స్కేలులో పెట్టండి. ఒక ప్రోబ్ (మీటరు వైరు చివరి మొన) బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద పెట్టాలి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉండే సీసపు పోస్టు మీదే. రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని బోల్టు తలకు గట్టిగా ఆనించండి. ఇంకొకరిని తాళం తిప్పి మూడు సెకన్లు పట్టుకోమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే దొంగ దొరికినట్టే. పూర్తిగా పాడైన వైరు మీద 6, 8 వోల్టులు కూడా కనిపిస్తాయి.

మీటరు లేకపోతే ఒక జంపర్ కేబుల్ చాలు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస ఇంజిన్ మీది మొండి లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. అప్పటిదాకా మూలిగిన ఇంజిన్ చురుగ్గా తిరిగిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

బాగు చేయడం

ముందు నెగెటివ్ క్లాంపు విప్పండి, చాలా కార్లలో 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. స్టీరియోకు కోడ్ ఉంటే ముందే దగ్గర పెట్టుకోండి. నల్ల వైరును పట్టుకుని గేర్‌బాక్సు దాకా వెళ్లి, అక్కడి బోల్టు విప్పండి. లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) వెనక వైపు చూడండి. పైన కడిగినట్టు ఉండి, బోల్టుకు ఆనే ముఖం మాత్రం తుప్పుతో గోధుమ రంగులో ఉండటం మామూలే. లగ్గునూ, అది ఆనే చోటునూ రెండింటినీ 120 నంబర్ ఎమరీ పేపరుతో తెల్లటి లోహం కనిపించేదాకా రుద్దండి. బాడీ వైపు బోల్టు కింద పెయింటు ఉంటే అదీ గీకేయాలి.

తర్వాత లగ్గు దగ్గర వైరును నొక్కి, వంచి చూడండి. తొడుగు ఉబ్బి ఉన్నా, లోపల కరకరమన్నా, రాగి పోగుల్లో పచ్చటి చిలుము కనిపించినా వైరు మార్చాల్సిందే. చివరలు ఎంత రుద్దినా ఫలితం ఉండదు. పాతదాని కంటే సన్నది వేయొద్దు. చిన్న పెట్రోల్ కారుకు 25 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్‌కు 35 వేసుకోండి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కాస్త వదులు ఉంచండి. లగ్గును సుత్తితో చితక్కొట్టకుండా సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి.

బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. ముందే పూసి బిగించొద్దు, లోహానికి లోహం తగలాలి. మళ్లీ కొలవండి. రీడింగ్ 0.2 లోపుకు రాకపోతే పని అయినట్టు కాదు. అప్పుడు ప్రోబ్‌ను పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి లగ్గుకు జరుపుతూ రండి. ఎక్కడ దాటితే వోల్టులు ఒక్కసారిగా తగ్గుతాయో, లోపం అక్కడే.

ఎర్త్ బాగానే ఉంటే

ఇదే పరీక్ష పాజిటివ్ వైపు చేయండి, బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ మీది పెద్ద బోల్టుకు. ఇక్కడ 0.5 దాకా ఫర్వాలేదు. రెండు వైపులా బాగుండి, ‘టక్’మన్నా బ్యాటరీ వోల్టేజీ కదలకపోతే అప్పుడు సెల్ఫ్ విప్పించండి. సోలినాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్చు) కాంటాక్టులు గానీ, కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉంటాయి. మోటార్ మీద చెక్కతో మెల్లగా తడితే తిరిగిందంటే బ్రష్‌లే అయి ఉండవచ్చు.

ఫ్లైవీల్ పళ్లు అరగడం, ఇంజిన్ పట్టేయడం లాంటివి అరుదు, వాటితో మొదలుపెట్టొద్దు. వరద నీళ్లలో దిగిన కారు మాత్రం వేరు. సిలిండర్లలో నీళ్లుంటే సెల్ఫ్ కొట్టిన కొద్దీ కనెక్టింగ్ రాడ్లు వంగే ప్రమాదం ఉంది. పై పరీక్షలేవీ చేయకుండా ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పించండి, డీజిల్ అయితే ఇంజెక్టర్లు.