మన దగ్గర నడిచే జూపిటర్ నోట్‌బుక్ అవతలివాళ్ల దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

జూపిటర్ నోట్‌బుక్ అంటే కోడ్‌నీ, దాని ఫలితాల్నీ సెల్స్ అనే గళ్లలో ఒకేచోట ఉంచే ఫైల్. మన లాప్‌టాప్‌లో గ్రాఫులన్నీ చక్కగా వచ్చాయి. అదే నోట్‌బుక్‌ని వేరే ఊళ్లో ఉన్న సహ పరిశోధకులకు పంపితే వరసగా ఎర్రర్లు. టెన్షన్ పడకుండా ముందు ఎర్రర్ పేరు చూడండి. సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

నేమ్‌ఎర్రర్ వస్తోంది

సెల్స్‌కి ఎడమపక్క బ్రాకెట్లలో ఉన్న అంకెలు చూడండి. 1, 2, 3 అని కాకుండా 4, 17, 9 అని ఉంటే, సెల్స్‌ని వరస తప్పి రన్ చేశారన్నమాట. ఒక సెల్‌లో వేరియబుల్ తయారుచేసి, తర్వాత ఆ సెల్ తీసేసినా, వేరియబుల్ కెర్నల్ (వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) మెమరీలో అలాగే ఉంటుంది. అందుకే మన దగ్గర లోపం బయటపడదు, అవతలివాళ్ల దగ్గర మాత్రం ఆ వేరియబుల్ దొరక్క ఎర్రర్ వస్తుంది. నిజానికి ఎర్రర్ వస్తే మేలే. పాత విలువతోనే లెక్క జరిగిపోయి తప్పు అంకె పేపర్‌లోకి ఎక్కితే ఎవరు పట్టుకుంటారు?

పంపేముందు కెర్నల్‌ని రీస్టార్ట్ చేసి, అన్ని సెల్స్‌నీ పైనుంచి రన్ చేయండి. చివరిదాకా నడిస్తేనే పంపండి. గంటలు పట్టే లెక్క ఉంటే దాని ఫలితాన్ని ఫైల్‌లో దాచి, అక్కణ్ణుంచి చదివించండి. అంతేగాని ఈ పరీక్ష మాత్రం మానొద్దు.

ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్

మన సీ డ్రైవ్ అడ్రస్ కోడ్‌లో ఉండిపోయింది. డేటాని నోట్‌బుక్ పక్కనే ఫోల్డర్‌లో పెట్టి, అక్కణ్ణుంచే దారి రాయండి.

మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ లేదా ఆట్రిబ్యూట్‌ఎర్రర్

కోడ్ వాడుకునే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్ ప్యాకేజీ) అవతలివాళ్ల దగ్గర లేకపోవచ్చు, వెర్షన్ వేరు కావచ్చు. ఉదాహరణకి, డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లో 2023లో వచ్చిన 2.0 వెర్షన్‌లో డేటాఫ్రేమ్ అపెండ్ (పట్టికకి వరసలు చేర్చే పద్ధతి) తీసేశారు. పాత కోడ్ అక్కడే ఆగుతుంది, బదులుగా కాన్‌క్యాట్ వాడాలి. పిప్ ఫ్రీజ్ అనే కమాండ్ ఇచ్చే వెర్షన్ల జాబితాని కూడా జతచేసి పంపండి.

ఎర్రర్ లేదు, అంకెలే ప్రతిసారీ మారుతున్నాయి

ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు ప్రతిసారీ ఒకేలా వచ్చేలా ఇచ్చే మొదటి అంకె) పెట్టలేదేమో చూడండి.

ఇద్దరు మార్చిన నోట్‌బుక్ గిట్‌లో కలవడం లేదు

గిట్ అంటే ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే టూల్. నోట్‌బుక్ ఫైల్ లోపల ఉండేది జేసన్ అనే టెక్స్ట్ రూపం. కోడ్‌తో పాటు అవుట్‌పుట్ పట్టికలు, బొమ్మలు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క లైను మార్చకపోయినా, మళ్లీ రన్ చేస్తే చాలు, ఫైల్ మారిపోతుంది. తేడాలు చూడ్డానికి ఎన్‌బీడైమ్ అనే టూల్ వాడండి. కమిట్ చేసేముందు, అంటే మార్పుల్ని గిట్ చరిత్రలో చేర్చేముందు, అవుట్‌పుట్లు తుడిచేయండి.

రోగుల డేటాతో పనిచేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. డేటా ఫైల్ పంపకపోయినా, మొదటి అయిదు వరసలు చూపించిన సెల్ కింద పేర్లు, వయసులు అలాగే ఉండిపోతాయి. తర్వాత తుడిచినా పాత కమిట్లలో దొరుకుతాయి. కాబట్టి మొదటి కమిట్‌కి ముందే తుడవాలి.