సెకండ్ హ్యాండ్ ఫోన్‌లో ఛార్జింగ్ నిలబడటం లేదా? ఎండలు ముదరకముందే చూసుకోండి

పాత ఫోన్ కొన్నాక ఛార్జింగ్ నిలబడకపోతే చాలామంది ముందు బ్యాటరీ మార్పించేస్తారు. అమ్మకు కొన్న ఫోన్ విషయంలో నేనూ అదే చేశాను. డబ్బులు పోయాయి గానీ సమస్య పోలేదు. ఊళ్లో మా ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ రోజంతా టవర్ కోసం వెతుక్కుంటూ ఛార్జింగ్ ఖర్చు చేసేది. అందుకే చెబుతున్నాను, ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి.

దానికి రెండు రాత్రులు చాలు. మొదటి రాత్రి ఫుల్ ఛార్జ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆపి పడుకోండి. పొద్దునకి రెండు మూడు శాతమే దిగితే బ్యాటరీ మీద తొందరపడి అనుమానం వద్దు. సిగ్నల్, మొబైల్ డేటా సంగతి చూడండి. బాగా దిగిపోతే మర్నాడు రాత్రి ఆండ్రాయిడ్ ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో ఉంచి ఇదే పరీక్ష చేయండి. అందులో మనం వేసుకున్న యాప్‌లు పనిచేయవు. అప్పుడు ఛార్జింగ్ దిగడం తగ్గితే దొంగ ఏదో యాప్. అప్పుడూ తగ్గకపోతే బ్యాటరీ గానీ ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు గానీ చూపించాల్సిందే.

బ్యాటరీ అరిగిపోతే దాని గుర్తులు వేరు. 30 శాతం ఉండగానే కెమెరా తెరవగానే ఫోన్ ఆగిపోతుంది, ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 25 చూపిస్తుంది. పాతబడ్డ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోతుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్లు 500 ఛార్జింగ్ సైకిళ్లకు (మొత్తం మీద 100 శాతం ఛార్జింగ్ వాడితే ఒక సైకిల్) 80 శాతం సామర్థ్యం నిలిపేలా, 15 మోడళ్లు 1000 సైకిళ్లకు నిలిపేలా తయారైనవని ఆపిల్ చెబుతుంది. సామ్‌సంగ్‌లో అయితే సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లో బ్యాటరీ పరీక్ష ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఉబ్బిన బ్యాటరీతో. ఫోన్‌ని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలలు నొక్కండి. కెమెరా ఉబ్బెత్తుగా ఉన్న ఫోన్ అయితే ఆ వైపు కాస్త ఊగడం మామూలే. కానీ మధ్యలో బొంగరంలా తిరిగినా, స్క్రీన్ అంచు లేచినా, వెనక ప్యానెల్‌కి సందు కనిపించినా ఆ ఫోన్ కొనకండి. మీ చేతిలో ఉన్న ఫోనే అలా అయితే ఛార్జింగ్ పెట్టడం వెంటనే ఆపేయండి. నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో పొడవకండి, మంట అంటుకుంటుంది. స్విచాఫ్ చేసి, పిల్లలకి అందకుండా ఉంచి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

ఇదంతా ఏప్రిల్ లోపే చేసుకోమనడానికి కారణం ఎండ. లిథియం బ్యాటరీకి 35 డిగ్రీలు దాటిన వేడి పడదు. మన దగ్గర విజయవాడలో, రామగుండంలో మే నెల ఎండలు 40 దాటడం మామూలే. అరిగిన బ్యాటరీ ఆ వేడికి ఇంకా తొందరగా పాడవుతుంది. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మధ్యాహ్నం మ్యాప్ చూడటం, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం, దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జ్ చేయడం మానేయండి. ఫోన్ చేతికి కాలినట్టు అనిపిస్తే కవర్ తీసి నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ చేరుతుంది. చల్లారాకే ఛార్జర్ తగిలించండి.