ట్రిప్ పాయింట్ ముట్టుకునే ముందు

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో రియాక్టర్ టెంపరేచర్ అలారం ట్రిప్ పాయింట్ (అలారం కొట్టాల్సిన హద్దు) సెట్ చేయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• కంట్రోల్ రూమ్‌కు చెప్పి పర్మిట్ తీసుకోండి. "ఫోన్ల చెప్పిన అన్నా" అంటే చాలదు, సంతకం కావాలి.

• ఇంటర్‌లాక్ (హద్దు దాటితే తనంతట తానే పని ఆపేసే రక్షణ) బైపాస్ చేస్తే ట్యాగ్ కట్టి, రిజిస్టర్‌లో టైమ్ రాయండి. పనయ్యాక తీయడం మర్చిపోయేది దీన్నే. బైపాస్ ఉన్నంతసేపూ ఆపరేటర్ లోకల్ గేజ్ మీద కన్నేసి ఉంచాలి.

• కాలిబ్రేటర్ (పరీక్ష సిగ్నల్ ఇచ్చే పరికరం) సర్టిఫికెట్ గడువు, బ్యాటరీ చూసుకోండి.

• సెట్టింగ్ మార్చకముందే పాత ట్రిప్ రీడింగ్ రాసుకోండి.

• లెక్క ముందే వేసుకోండి. 0–200 డిగ్రీల రేంజ్‌లో 150 దగ్గర ట్రిప్ అంటే, 4–20 మిల్లీఆంప్ సిగ్నల్‌లో 16. సిగ్నల్ నెమ్మదిగా పెంచండి, గబగబా తిప్పితే అసలు పాయింట్ దాటాకగానీ రిలే (అలారం స్విచ్) కొట్టదు. దించుతూ రీసెట్ (రిలే మళ్లీ మామూలు స్థితికి రావడం) ఎక్కడవుతుందో కూడా చూడాలి.