కథలోని కేంద్రభావం – అయిదవ పాఠం: నీతివాక్యంతో వచ్చే చిక్కు

గత పాఠం చివర, గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన 'దిద్దుబాటు' కథ చదివి, దాని కేంద్రభావాన్ని ఒక్క వాక్యంలో రాయమన్నాను. వచ్చిన జవాబులలో అధికభాగం 'భర్త భార్యను నిర్లక్ష్యం చేయరాదు' అన్న ధోరణిలోనే ఉన్నాయి. ఈసారి ప్రతీకల గురించి చెప్పవలసి ఉన్నా, ఈ పొరపాటు సరిదిద్దకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. ఇతివృత్తానికీ (కథలో జరిగే సంఘటనలు) వస్తువుకూ (కథ ఎత్తుకున్న విషయం) తేడా అందరూ గుర్తించారు కనుక దానిని మళ్లీ ఎత్తుకోను.

చిన్నప్పటి నుంచి ప్రతి పద్యం కిందా 'ఇందులోని నీతి ఏమి?' అన్న ప్రశ్నకు జవాబులు రాసినవాళ్లం కాబట్టి, కథ ముగియగానే మన చేయి 'రాదు', 'వలెను' అన్న మాటల వైపే పోతుంది. నీతి పాఠకుడిని ఆదేశిస్తుంది. కేంద్రభావం మనుషుల నడుమ ఏమి జరుగుతున్నదో ఎరుకపరుస్తుంది. కథ చదవకుండానే రాయగలిగిన వాక్యమైతే అది నీతి అని నేను కొట్టివేస్తాను.

'దిద్దుబాటు'నే మళ్లీ చూడండి. వేశ్యల పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు, చదువుకున్న స్త్రీని మించినది సృష్టిలో లేదని నౌకరు రాముడికి ఉపన్యసిస్తాడు. అతనిని కుంగదీసినది ఆ చదువుతోనే భార్య కమలిని రాసి పెట్టిన ఉత్తరం. అందులో 'అయ్యా' అన్న సంబోధన చూడగానే అతని గుండె జారుతుంది. ఇవన్నీ కలుపుకొని 'స్త్రీ విద్యను మెచ్చుకునే సంస్కర్తకు, ఆ విద్య తన నడతనే ప్రశ్నించినప్పుడు గాని దాని బలం తెలియదు' అని రాస్తే, ఆ వాక్యం ఈ కథకు మాత్రమే చెందుతుంది.

నేను చెన్నపట్నంలో తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కు వెళ్లే లోకల్ రైలులో కథలు చదువుతూ, పాత్రలు ఒకరినొకరు పిలుచుకునే మాటల కింద పెన్సిలుతో గీతలు గీస్తాను. తెలుగు కథలో 'నువ్వు' 'మీరు'గా మారిన చోటు నాకు ఏ వర్ణన కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంకొక ఉదాహరణ ఊహించండి. ఇదే పట్నంలోని విల్లివాక్కంలో చూపు మందగించిన అమ్మమ్మ, చెల్లెలు రాసిన ఉత్తరాన్ని మనవరాలి చేతికిస్తుంది. తమిళనాడులో 2006లో బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసిన తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత బడిలో చేరిన ఆ పిల్ల తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు. 'పిల్లలకు మాతృభాష నేర్పాలి' అని మీరు వెంటనే రాస్తారు. చెన్నపట్నంలో ఉన్న తెలుగువాడిగా ఆ మాట నాకూ ప్రాణసమానమే. అయితే మనం మనసారా ఒప్పుకునే నీతి ఎదురైనప్పుడే చదవడం ఆపేస్తాము. అమ్మమ్మ ఆ ఉత్తరాన్ని మడిచి మళ్లీ పెట్టెలో దాచుకున్న సంగతి మన కంట పడదు. మాట నిలిచి లిపి పోయిన ఇంట్లో, చేతికి అందిన ఆప్యాయత కూడా తెరవని కవరులాగానే ఉండిపోతుందన్నది ఆ కథ కేంద్రభావం.

అభ్యాసం: 'దిద్దుబాటు' చివర మంచం కింద నుంచి వినిపించే కమలిని నవ్వును తీసివేసి, ఉత్తరం దగ్గరే కథ ముగిసిందనుకోండి. రెండు ముగింపులకూ విడివిడిగా కేంద్రభావం రాసి, ఒక్కొక్క దానికి కథ మొదలు, నడుమ, చివరల నుంచి ఒక్కొక్క ఆధారం చూపండి. 'రాదు', 'వలెను', 'చేయాలి' అన్న మాటలు ఎక్కడా వాడకండి.