గాలి పడవకు ప్యాచ్ వేయడం, వానాకాలం దాకా పాడవకుండా దాచుకోవడం ఎలా?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ మునిగి, నీళ్లు మొదటి అంతస్తు మెట్ల దాకా ఎక్కాయి. పాల ప్యాకెట్ కోసం బాల్కనీలోంచి బకెట్‌కు తాడు కట్టి కిందికి వదిలిన రోజులవి. నీళ్లు తీశాక అందరం చందాలు వేసుకుని నలుగురు పట్టే గాలి పడవ ఒకటి కొన్నాం. వచ్చిన రోజున దానితో ఫొటోలు దిగాం. ఆ తర్వాత ఎవరో మడిచి టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన పెట్టారు. ఎండాకాలమంతా అది అక్కడే ఉంది. మళ్లీ వానలు మొదలయ్యాక గుర్తొచ్చి విప్పి చూస్తే మడత దగ్గర ఒక పగులు, ఎలుక కొరికిన రెండు కన్నాలు, వాల్వు మూత కింద కందిరీగ కట్టిన మట్టిగూడు. ఒక్కసారి కూడా నీళ్లు చూడని పడవ అది!

బాగుచేయించే పని నా నెత్తిన పడింది. ప్యాచ్ రెండుసార్లు ఊడింది, మూడోసారి నిలిచింది. మొదటిసారి తప్పు గమ్ము వేయించాను. రెండోసారి గమ్ము సరైనదే, రోజు తప్పు.

ముందు అది ఏ మెటీరియలో తేల్చుకోండి

అన్నిటినీ మనం రబ్బరు పడవలనే అంటాం కానీ బజారులో దొరికేవాటిలో రబ్బరువి తక్కువ. చవకరకం పడవలు ఒంటిపొర వినైల్‌తో చేస్తారు. లోపల దారం అల్లిక ఉండదు, పట్టి లాగితే సాగుతుంది. కాస్త గట్టివి పాలిస్టర్ గుడ్డకు పీవీసీ పూత పూసినవి. లారీ మీద కప్పే టార్పాలిన్‌కూ, ఎన్నికలప్పుడు కట్టే ఫ్లెక్సీకీ ఇవి దగ్గరి చుట్టాలు. మూడోది హైపలాన్ అనే సింథటిక్ రబ్బరు పూత. ఖరీదెక్కువ, ఎండకు బాగా తట్టుకుంటుంది.

బిల్లు మీదో, పడవకు అంటించిన లేబుల్ మీదో రాసి ఉంటే సరే. లేదంటే అడుగువైపు కనబడని మూల చూసుకుని, దూదితో చుక్క అసిటోన్ రుద్ది వేలితో తాకండి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికొస్తుంది, కాకపోతే అందులో అసిటోన్ ఉందో లేదో సీసా మీద చదవండి. వేలికి జిగటగా తగిలితే పీవీసీ. ఏ మార్పూ లేకపోతే హైపలాన్ అయి ఉండొచ్చు.

ఇదంతా ఎందుకంటే గమ్ము దీన్నిబట్టే మారుతుంది. పీవీసీకి పాలీయురెథేన్ గమ్ము, హైపలాన్‌కు నియోప్రీన్ గమ్ము, ఒంటిపొర వినైల్‌కు వినైల్ సిమెంటు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే అంటుకున్నట్టే ఉంటుంది, గాలి కొట్టగానే లేస్తుంది.

నేను మొదటిసారి పడవను ఆటోలో వేసుకుని పంక్చర్ షాపుకు తీసుకెళ్లాను. ఆయన వేలితో రుద్ది చూసి, "ఇది ట్యూబు రబ్బరు కాదండీ, నా సొల్యూషన్ పట్టదు" అన్నాడు. నేనే బతిమాలి వేయించాను. రెండో రోజుకు ప్యాచ్ అంచు అరటాకులా ముడుచుకుని లేచింది. ఆయన తప్పేం లేదు.

పైపులకు వాడే పీవీసీ సొల్యూషన్ కూడా వద్దు. పేరులో పీవీసీ ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది ఆరాక రాయిలా బిగుసుకుంటుంది, పడవేమో వంగే వస్తువు. రెండు మడతలకే పగుళ్లు వస్తాయి. సూపర్ గ్లూదీ అదే కథ. చెప్పులకు వాడే గమ్ము కొన్నాళ్లు మోసం చేస్తుంది. పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది మెల్లగా ఊరి ఆ గమ్మును మెత్తబరుస్తుంది. ఎండ తగిలినప్పుడు ప్యాచ్ జారిపోతుంది.

గాలి ఎక్కడ పోతోంది?

పడవను నీడలో పెట్టి దానితో వచ్చిన కాలి పంపుతోనే గాలి కొట్టండి. టైర్ల షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. స్కూటర్ టైరుకు 30 పీఎస్ఐ దగ్గర కొడతారు. పడవ ట్యూబుకు మామూలుగా సరిపోయేది 0.2 నుంచి 0.25 బార్ ఒత్తిడి, అంటే మూడు, మూడున్నర పీఎస్ఐ. చవక వినైల్‌కు అంతకన్నా తక్కువే. కంప్రెసర్ గొట్టం పెడితే అతుకులు విచ్చుకోవడానికి ఎంతో సేపు పట్టదు.

పొద్దున మెత్తబడి ఉన్న ప్రతి పడవకూ కన్నం ఉన్నట్టు కాదు. మధ్యాహ్నం వేడిలో కొట్టిన గాలి రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. ఉల్టా కూడా జరుగుతుంది, అదే ప్రమాదం. ఉదయం 27 డిగ్రీల్లో 0.22 బార్ దాకా కొట్టి ఎండలో వదిలేశామనుకోండి. లోపలి గాలి 57 డిగ్రీలకు చేరిందంటే, ట్యూబు సాగకపోతే ఒత్తిడి సుమారు 0.34 బార్ అవుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. అందుకే ఇవాళ సాయంత్రం ఆరింటికి కొడితే రేపు సాయంత్రం ఆరింటికే చూడండి. ఒకే వేళకు, ఒకే నీడలో మెత్తబడితే అప్పుడు అనుమానించాలి.

బకెట్‌లో సర్ఫ్ నురగ చేసి పెయింట్ బ్రష్‌తో పూయండి. మొదట వాల్వు దగ్గర. వాల్వు లోపల చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా సన్నగా గాలి పోతుంది. అలాంటప్పుడు వాల్వును శుభ్రమైన నీళ్లతో కడిగి, రబ్బరు వాషరు మీది మట్టి తుడిచి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. మా పడవకు మూడు చోట్ల పోతోందని కంగారుపడ్డాం కానీ ఒకటి ఆ కందిరీగ మట్టి వల్లే. వాల్వు తర్వాత అతుకులు, ఆ తర్వాత మడతలు, చివర్లో మిగతా ఒళ్లంతా. బుడగలు వచ్చిన చోట వెంటనే బాల్‌పెన్నుతో పెద్ద సున్నా చుట్టండి. నురగ ఆరాక ఆ చోటు మళ్లీ దొరకదు. మార్కర్ పెన్ను సిరా పీవీసీలోకి దిగిపోతుంది కాబట్టి అది వద్దు.

ఒక గాలి గదికే గాలి కొట్టినప్పుడు అది మెత్తబడుతూ పక్క గది ఉబ్బుతుంటే, బయట ఎక్కడా బుడగ రాకపోతే, రెండు గదుల మధ్య అడ్డుపొర చిరిగి ఉండొచ్చు. అది ఇంట్లో అయ్యే పని కాదు. మోటారు బిగించే పలక అతుకు ఊడినా అంతే. బాగుచేసేవాళ్లకే ఇవ్వండి.

ప్యాచ్ వేయడం

రోజు చూసుకోండి, అదే అసలు సంగతి. గమ్ములోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూసిన చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అక్కడ సన్నటి తేమపొర కూర్చుంటుంది. దాని మీద మీరు ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. నా రెండో ప్యాచ్ ఆగస్టులో, ముసురు పట్టిన రోజు వేసింది. గమ్ము మీద తెల్లటి మసక కనబడింది కానీ ఆరుతోంది కాబోలు అనుకున్నాను. వారానికే ఊడింది. తేమ 60 శాతం లోపు, వేడి 20, 25 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. మన బెజవాడలో దానికి కాస్త దగ్గరగా వచ్చే రోజులు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలోనే దొరుకుతాయి, అదీ మంచు విడిపోయాక పదకొండింటి నుంచి మూడింటి లోపు. మేలో చేస్తే ప్యాచ్ పెట్టే లోపే గమ్ము ఆరిపోతుంది. మూడోసారి సంక్రాంతి సెలవుల్లో పెట్టుకున్నాం.

ఏసీ గదిలో తలుపులు మూసుకుని చేస్తే తేమ గొడవ ఉండదు కదా అని పైఅంతస్తు బాబాయిగారు సలహా ఇచ్చారు. ఆ పని చేయకండి. గమ్ము ఆవిరి తల తిరిగేలా చేస్తుంది, నిప్పంటుకునే గుణం కూడా ఉంది. కారిడార్‌లాంటి గాలాడే చోట, దేవుడి దీపానికీ అగరుబత్తికీ దూరంగా చేయండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

కన్నం చుట్టూ అన్ని వైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా ప్యాచ్ కత్తిరించాలి. చిన్న కన్నానికి టిఫిన్ బాక్సు మూతను పెట్టి గీసుకుంటే సరిపోతుంది. గుండ్రంగానే కత్తిరించండి. చతురస్రం చేస్తే మూలలు ముందు లేస్తాయి. 5 సెంటీమీటర్లు దాటిన చీలికకైతే లోపలి వైపు కూడా ఒక ప్యాచ్ పడాలి.

పడవలో గాలి మొత్తం తీసేసి, ఆ చోటును చెక్క పలక మీద చదునుగా పరవండి. ప్యాచ్ ఆకారం గీసి, గీత బయట మాస్కింగ్ టేప్ అంటించండి. సన్న ఉప్పు కాగితంతో పడవనూ ప్యాచ్ వెనకవైపునూ తేలిగ్గా రుద్దండి. మెరుపు పోతే చాలు, దారాలు బయటపడితే ఎక్కువ రుద్దినట్టే. తర్వాత పీవీసీ అయితే అసిటోన్ తడిపిన తెల్ల గుడ్డతో ఒకటి రెండుసార్లు తుడవండి. తుడిచాక ఇక వేలు పెట్టకూడదు. నూనె చెయ్యి పడితే మళ్లీ తుడుచుకోవాల్సిందే.

గమ్ము రెండు సీసాలుగా వస్తే గట్టిపరిచే ద్రవాన్ని లేబుల్ మీద రాసిన పాళ్లలోనే కలపండి. అందాజాగా వద్దు. ఆ చిన్న సీసా ఒకసారి తెరిచాక గాలిలో తేమ తాగి పాడవుతుంది కాబట్టి చిన్నదే కొనండి. పడవతో పాటు వచ్చిన గమ్ము ట్యూబును నమ్ముకోవద్దు. మాది నొక్కితే బెల్లం పాకంలా గడ్డ వచ్చింది.

మొదటి పూత రెండు వైపులా పలచగా వేసి అరగంట వదలండి. రెండో పూత కూడా పలచగానే. ఐదు, పది నిమిషాలకు వేలి వెనకభాగంతో తాకి చూడండి. వేలిని పట్టుకోవాలి, కానీ వేలికి రాకూడదు. అది సరైన సమయం. ప్యాచ్‌ను ఒక అంచు నుంచి మెల్లగా దించుతూ పరవండి. మొత్తం ఒకేసారి పడేస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఒకసారి తగిలాక లాగి సరిచేయడం ఉండదు. తర్వాత స్టీలు గరిటె వెనకవైపుతో మధ్యలోంచి అంచులకు బలంగా రుద్దండి. ఈ పనికి మా ఆవిడ అప్పడాల కర్ర ఇవ్వనంది, లేకపోతే అదే మేలు. పైన పలక పెట్టి, దాని మీద 20 లీటర్ల వాటర్ క్యాన్ నిలబెట్టండి.

ఇక 24 గంటలు ముట్టుకోవద్దు. నేను 48 వదిలేశాను. అప్పుడు సగం గాలి కొట్టి నురగ పూసి చూసి, తర్వాతే పూర్తిగా కొట్టాను.

ఒంటిపొర వినైల్‌కు ఇంత తతంగం అక్కర్లేదు. తుడిచి, వినైల్ సిమెంటు పూసి, ముక్క పెట్టి రాత్రంతా బరువు ఉంచితే చాలు. అయితే దాని అతుకు విచ్చుకుంటే ప్యాచ్ ఎక్కువకాలం నిలవదు. దాన్ని పిల్లల ఆటకు వదిలేసి వేరేది కొనుక్కోవడం నయమని నా లెక్క.

కడగడం, దాచడం

వరద నీళ్లంటే డ్రైనేజీ, డీజిల్, బురద అన్నీ కలిసినవి. వాడిన రోజే గిన్నెల సబ్బుతో మంచినీళ్లు పోసి కడగండి. పెట్రోలు, థిన్నర్ పోసి తుడిస్తే పూత దెబ్బతింటుంది. మెరుస్తుందని టైర్ పాలిష్ పూస్తే అందులోని సిలికాన్ వల్ల తర్వాత ఏ ప్యాచ్ అంటుకోదు.

ఆరబెట్టడం ఎండలో కాదు. సగం గాలితో రెండు కుర్చీల మీద ఏటవాలుగా పెట్టి, ఫ్యాను కింద ఒక రోజంతా ఉంచండి. నేలకూ ట్యూబుకూ మధ్య సందులో వేలు పెట్టి చూడండి, చెమ్మ దాక్కునేది అక్కడే. అది మిగిలితే బూజు, వాసన. హైపలాన్ అయితే మడతల మధ్య కాస్త టాల్కం పౌడర్ చల్లండి.

ఇస్త్రీ బట్టల్లా బిగించి మడవకండి. వదులుగా చాపలా చుట్టండి, వాల్వులు తెరిచే ఉంచండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే ఆ గీత దగ్గరే పగులుతుంది.

పెట్టే చోటు: టెర్రస్ సంగతి చెప్పాను. సెల్లార్ అంతకన్నా తప్పు, వరద నీళ్లు ముందు దిగేదే అక్కడ. పడవ కోసం మునిగిన సెల్లార్‌లోకి ఈదాల్సి వస్తుంది. మొదటి అంతస్తు దాటిన చోట, అటక మీదో మెట్ల మలుపులోనో, రేకు ట్రంకు పెట్టెలో పెట్టండి. గోనెసంచి, అట్టపెట్టె ఎలుకలకూ పందికొక్కులకూ లెక్కే కాదు. ట్రంకులో తినే వస్తువేదీ పెట్టకండి.

ఉగాదికి, తొలకరికి ముందు, దసరాకు, సంక్రాంతికి ఒకసారి బయటికి తీసి ఒక రోజు గాలి కొట్టి ఉంచండి. తిరిగి చుట్టేటప్పుడు మడత మార్చండి.

ఇంకో మాట. ఇది వీధిలో నిలిచిన నీళ్లకు, ప్రవాహంలోకి కాదు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు భారీ ఇనుప పడవలే కొట్టుకొచ్చి గేట్లకు ఎదురుబరువుగా ఉండే కౌంటర్ వెయిట్లను గుద్దుకున్నాయి. వీధిలోనైనా ముందు ఒకరు కర్రతో తడుముకుంటూ పోవాలి. నీళ్ల కింద ఇళ్ల గేట్ల మొనలు కనబడవు. ఎక్కే ప్రతివాళ్లకూ లైఫ్ జాకెట్ ఉండాలి.

మా ట్రంకులో ఇప్పుడు పడవ, కాలి పంపు, తెడ్లు, లైఫ్ జాకెట్లు, రెండు ప్యాచ్ ముక్కలు, సర్ఫ్ ప్యాకెట్ ఉన్నాయి. మూత లోపలివైపు చివరిసారి గాలి కొట్టిన తేదీ చాక్‌పీసుతో రాస్తున్నాం. తాళంచెవులు రెండు చేయించాం. మొదటిసారి ఒక్కటే ఉండేది, అది జేబులో పెట్టుకున్నాయన అమ్మాయి పురుటికని హైదరాబాద్ వెళ్లి మూడు వారాలకు గానీ రాలేదు.