సిగార్ బాగా లేదంటే తప్పు ఎవరిది? రుచి చూసి తేల్చే పద్ధతి

ఖరీదు పెట్టి కొన్న సిగార్ చేదెక్కితే ముందు బ్రాండునే తిట్టుకుంటాం. తప్పు ఆకుది కావచ్చు, చుట్టినవారిది కావచ్చు, నిలవ పెట్టినవారిది కావచ్చు. చాలాసార్లు మాత్రం కాల్చినవారిదే. ఈ నాలుగింటినీ విడదీసి చూడగలిగితేనే సిగార్‌కి న్యాయంగా మార్కులు వేయగలం.

లెక్కకు ఒక రొబుస్టో, అంటే పొట్టిగా లావుగా ఉండే రకం సిగార్, తీసుకుందాం. పొడవు 124 మి.మీ., రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క కాబట్టి మందం దాదాపు 20 మి.మీ. పైన కనిపించే ఆకు ర్యాపర్, దాని కింద కట్టుగా ఉండేది బైండర్, లోపల నింపినది ఫిల్లర్. క్యూబా పద్ధతిలో ఫిల్లర్‌కి మొక్క కింది భాగం నుంచి బాగా మండే వొలాడో, నడిమి నుంచి వాసననిచ్చే సెకో, పై నుంచి ఘాటైన లిఖెరో ఆకులు కలుపుతారు. లిఖెరో నెమ్మదిగా కాలుతుంది, అందుకే దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాలి. పక్కకు జరిగితే నిప్పు ఒకవైపే పరుగెడుతుంది.

ముందు నిలవ సంగతి. 65 నుంచి 69 శాతం తేమ, 18 నుంచి 20 డిగ్రీలు సరిపోతాయి. మన తీర జిల్లాల్లో వానాకాలం ఆకు తడెక్కుతుంది, వేసవిలో గది వేడికి ఆకులోని పొగాకు పురుగు గుడ్లు పగిలి పురుగులవుతాయి. ర్యాపర్ మీద సూది మొనంత గుండ్రటి రంధ్రం కనిపిస్తే పురుగు పడిందని అర్థం. తేమ కొలిచే మీటరును నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా కొన్ని చుక్కల నీటితో ముద్ద చేసి, మీటరుతోపాటు జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూయండి. 12 గంటలకు అది 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకోండి, లేదా తీసేయండి.

రుచి చూసే రోజు కనీసం రెండు గంటల ముందు నుంచి ఆవకాయ, కిళ్ళీ, కాఫీ వద్దు. అలాగని ఖాళీ కడుపుతో మొదలుపెడితే నికోటిన్‌కి కళ్ళు తిరుగుతాయి. పక్కన మంచినీళ్ళు చాలు.

సిగార్‌ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కింది నుంచి తల దాకా, అంటే నోట్లో పెట్టుకునే కొస దాకా, మెల్లగా నొక్కుతూ రండి. మెత్తగా దిగితే అక్కడ ఆకు తక్కువ పడింది, గట్టిగా ముడిలా తగిలితే ఎక్కువ కుక్కారు. ర్యాపర్ రంగు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ముదురు రంగుకీ ఘాటుకీ సంబంధం లేదు.

తలను 2 మి.మీ. మించకుండా, పదునైన కట్టర్‌తో ఒక్క దెబ్బకు కోయండి. గుండ్రటి భుజం కిందికి కోస్తే ర్యాపర్ ఊడిపోతుంది. వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. లావుపాటి స్ట్రాతో మజ్జిగ తాగినట్టు కొద్దిపాటి పట్టు ఉండాలి. అసలు రాకపోతే చుట్టినవారి తప్పో, తడి తప్పో అప్పుడే తేలదు. అదే పెట్టెలోని ఇంకొకదాన్ని 62 శాతం తేమలో రెండు వారాలు ఉంచి చూడండి. అదీ బిగుసుకుంటే తప్పు చుట్టడంలోనే.

వెలిగించడానికి గ్యాస్ లైటర్ లేదా దేవదారు పుల్ల వాడండి, పెట్రోల్ లైటర్ వాసన ఆకుకి పట్టేస్తుంది. మంటను తాకించకుండా దూరం నుంచే తిప్పుతూ అంచంతా ఎర్రబడే దాకా కాచాలి. ఆ తర్వాతే లాగాలి. మొదటి రెండు మూడు దమ్ములకు మార్కులు వేయకండి.

ఇక అసలైనది వేగం. నిమిషానికి ఒక్క దమ్ము, అంతే. తొందరపడితే నిప్పు వేడెక్కి, తారు పేరుకుని ఎంత మంచి ఆకైనా చేదవుతుంది. పొగను నోట్లోనే ఉంచాలి, గుండెల్లోకి పీల్చకూడదు. రుచుల్లో చాలా భాగం నిజానికి వాసనలే, అందుకే నోట్లోని పొగలో కొంచెం ముక్కులోంచి వదలండి. ధనియాలు, మిరియాలు, వేయించిన వేరుశనగ, కోకో, తోలు, వాన పడ్డ మట్టి: మీ వంటింటికి, మీ వాకిలికి తెలిసిన పేర్లే రాసుకోండి. నాలుగేసి సెంటీమీటర్ల చొప్పున మూడు భాగాలుగా రాసుకుంటే మార్పు కనిపిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే రుచి ఉంటే నా లెక్కలో అది సాధారణ సిగార్.

కాలేటప్పుడు కనిపించే లోపాలే ఎక్కువ చెబుతాయి. ముక్కులో అమ్మోనియా ఘాటు వస్తే ఆకు సరిగా మాగలేదు. మధ్యలో సొరంగంలా కాలితే ఫిల్లర్ నింపడంలో లోపం, లేదా మరీ నెమ్మదిగా కాల్చారు. మాటిమాటికీ ఆరిపోతుంటే తడి ఎక్కువ, లేదా ఆకులో క్లోరైడ్ ఎక్కువ. ఉప్పు నేలల పొగాకు మండదని రైతులకు తెలిసిందే. బూడిద రెండు సెంటీమీటర్లు నిలబడితే పొడవాటి ఆకులు వాడారని నమ్మవచ్చు. తెల్ల బూడిదే గొప్పదన్న మాట మాత్రం పట్టించుకోకండి, ఆ రంగు ఆకులోని ఖనిజాలది.

పొగ మింగకపోయినా నోటి కేన్సర్ ముప్పు తప్పదు. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగేవారి, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారి, అంగిట్లో పుట్టే పుండ్లే అందుకు సాక్ష్యం. అలవాటు లేనివారు దీనికోసం మొదలుపెట్టవద్దు.

నూటికి మార్కులు వేస్తే రూపానికి 10, లాగుడుకీ మంటకీ 30, రుచికీ వాసనకీ 40, రుచి మారుతూ పోయిన తీరుకు 20 ఇవ్వండి. చివరి భాగంలో పొగ వేడెక్కగానే ఆపేసి, ట్రేలో పెట్టి వదిలేయండి, దానంతటదే ఆరుతుంది. నలిపితే గదంతా కంపు. ఒక్కదాంతో తీర్పు చెప్పకండి. అదే పెట్టెలోంచి మరో రెండు, బ్రాండు పేరున్న కాగితపు బ్యాండు తీసేసి, వేరే సిగార్ల మధ్య కలిపి, ఇంకొకరు అందిస్తే తీసుకుని చూడండి.